పాటల పెట్టె: మౌత్ ఆర్గాన్‌తో హార్మోనియం మోత

ఈమధ్య మన కాలనీ పిల్లోళ్లు నన్ను యాడ కనిపించినా ఒకటే అడుగుతాండారు. “అన్నా, మౌత్ ఆర్గాన్‌కు పెడల్స్ తగిలిస్తే ఆర్గాన్ మాదిరి, మన నాటకాల హార్మోనియం మాదిరి మోగుతుందంట, నిజమేనా?” నిజమే. కానీ పెడల్ చేసే పని కొంత, మనం చేయాల్సింది కొంత. ఇది తెలుసుకోకుండా డబ్బు పెడితే నష్టం మనకే.

మొదట చుట్టరికం చూద్దాం. మౌత్ ఆర్గాన్, హార్మోనియం ఒకే ఇంటి బిడ్డలు. రెండింట్లోనూ శబ్దం చేసేది ఒక కొస బిగించిన సన్నని లోహపు నాలుక, అంటే రీడ్. పది రంధ్రాల మౌత్ ఆర్గాన్‌లో ఇవి 20 ఉంటాయి. ఊదితే సగం, పీలిస్తే సగం పలుకుతాయి. హార్మోనియంకు గాలి తిత్తి నుంచి వస్తుంది. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, బళ్ళారి రాఘవ నడిచిన ఈ ఊళ్లో హార్మోనియం శ్రుతి లేకుండా పద్యం ఎత్తుకునే నటుడు ఇప్పటికీ అరుదే.

మరి రెండూ ఒకే మాదిరి ఎందుకు మోగవు? కారణాలు రెండు.

ఒకటి, లావు. మంచి హార్మోనియంలో ఒక మెట్టు నొక్కితే బాస్ రీడ్, మేల్ రీడ్ రెండూ పలుకుతాయి. కప్లర్ లాగితే ఇంకో స్థాయి మెట్టు కూడా తోడొస్తుంది. మౌత్ ఆర్గాన్‌లో ఒక రంధ్రం ఊదితే ఒక్క రీడే. ఈ లోటు తీర్చేదే ఆక్టేవ్ పెడల్. మీరు సెకనుకు 440 కంపనాల స్వరం ఊదితే అది కింద 220, పైన 880 కలిపి ఇస్తుంది. అంటే కరెంటుతో నడిచే కప్లర్ అనుకోండి. కొనేటప్పుడు ‘పాలిఫోనిక్’ రకమేనా అని అడగండి. పాత రకం ఆక్టేవ్ పెడల్ ఒకేసారి ఒక్క స్వరాన్నే పట్టుకోగలదు. రెండు రంధ్రాలు కలిపి ఊదితే గొంతులో నీళ్లు పోసుకుని పుక్కిలించినట్టు అరుస్తుంది.

దాని తర్వాత రోటరీ పెడల్, లేదంటే కోరస్. హామండ్ ఆర్గాన్‌కు జతగా వాడే లెస్లీ పెట్టెలో స్పీకర్ దగ్గర హారన్ గిరగిరా తిరిగి ధ్వని అలలు అలలుగా వస్తుంది. రోటరీ పెడల్ ఆ తిరుగుడును అనుకరిస్తుంది. చివర రివర్బ్. మొత్తం వరస ఇది: మైకు, ఆక్టేవ్, రోటరీ, రివర్బ్, యాంప్లిఫయర్. పాటలు పాడే మామూలు మైకును నేరుగా గిటార్ పెడల్‌కు కలిపితే మోత పేలవంగా వస్తుంది. మధ్యలో చిన్న మ్యాచింగ్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. యాంప్లిఫయర్ మైకుకు ఎదురుగా పెట్టొద్దు, కీచుమంటుంది.

రెండో కారణం ఊపిరి. ఇది ఏ అంగట్లోనూ దొరకదు. ఆర్గాన్ స్వరం పట్టింది పట్టినట్టు సమంగా నిలుస్తుంది. మనం ఊదేటప్పుడు మొదట గట్టిగా, పోనుపోను సన్నగా వస్తుంది, మధ్యలో తెగుతుంది. ఎన్ని పెడల్స్ పెట్టినా ఆ తెగుడు వినేవాళ్లకు తెలిసిపోతుంది. అందుకే నెలరోజులు ఏ పెడల్ లేకుండా, ఒక్కో స్వరం ఎనిమిది లెక్కపెట్టేదాకా ఒకే బలంతో ఊది, అదే బలంతో పీల్చి సాధన చేయండి. రంధ్రం మారేటప్పుడు నాలుకతో కొట్టకుండా జారండి.

ఇక్కడ మన మిల్లు సంగతి రాకతప్పదు. బ్లోరూమ్‌లో, కార్డింగ్‌లో దూది దుమ్ము మింగినోళ్లకు అంత ఊపిరి యాడుంది? సెలవు తర్వాత సోమవారం డ్యూటీ ఎక్కగానే ఎదురొమ్ము బిగుసుకోవడం మనలో శానామందికి తెలిసిందే. దీన్ని బిస్సినోసిస్ అంటారు, చట్టం గుర్తించిన వృత్తి జబ్బుల జాబితాలో ఉంది. మా వీధిలో కార్డింగ్ నుంచి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. ఒకప్పుడు పందిట్లో మౌత్ ఆర్గాన్ మీద పద్యాల రాగాలన్నీ పలికించేవారు, ఇప్పుడు నాలుగు స్వరాలకే ఆయాసం. ఆయన మనవడు రివర్బ్ తోక పొడుగ్గా పెట్టి ఇచ్చాడు. తాత ఊపిరి తీసుకునే సందులో పాత స్వరం ఇంకా మోగుతానే ఉంది. “ఇది నాకు బదులు ఊపిరి పీలుస్తాంది రా” అన్నారు పెద్దాయన. అయినా ఆయాసం ఉన్నోళ్లు పంతానికి ఊదొద్దు, ముందు ఈఎస్ఐ డాక్టరుకు చూపించుకోండి.

ఇంక ఖర్చు. ఆర్గాన్ మోతకే ప్రత్యేకంగా చేసిన పెడల్స్ ఉన్నాయి, ఎలక్ట్రో-హార్మోనిక్స్ కంపెనీ బీ9 అట్లాంటిదే. కానీ కొత్తది కొంటే ఒక నెల జీతం అట్లే పోతుంది. పిల్లల ఫీజు ఆపి కొనాల్సిన వస్తువు కాదిది. ముందు ఏ బ్యాండు కుర్రోళ్ల దగ్గరన్నా ఒక సాయంత్రం అడిగి తెచ్చుకుని వాయించి చూడండి. ఒకటే కొనగలిగితే ఆక్టేవ్ పెడలే కొనండి. రివర్బ్ చాలా మిక్సర్లలోనే ఉంటుంది. నలుగురైదుగురు కలిసి కొని కాలనీ నాటక సంఘం బీరువాలో పెట్టుకుంటే ఇంకా మేలు. చాలా పెడల్స్‌కు 9 వోల్టుల అడాప్టర్ సరిపోతుంది, ప్లస్ మైనస్ గుర్తు చూసి తగిలించండి.

ఇంతకూ హార్మోనిస్టుల కడుపు కొట్టడానికి కాదు ఈ రాత. హార్మోనిస్టు దొరికితే ఆయన్నే కూర్చోబెట్టండి. దొరకని రాత్రి నాటకం ఆగిపోకుండా చూసుకోవడానికి ఇది.

వచ్చే నెల: తెగిన మైకు వైరును ఇంట్లోనే అతికించుకోవడం.