మోటారు ఆగగానే ‘ధన్’మనేదేమిటి?



మా కేతేపల్లి ప్రాంతంలో కాలువ నీరు అందని మెరక చేలకు బోరు మోటార్లే ఆధారం. కరెంటు పోయి మోటారు ఆగగానే పైపులో ‘ధన్’మని మోత వినపడుతుంది. మోటారు ఆగిపోయింది కదా, మరి కొట్టినదెవరు? నీరే!

మెత్తని నీరు ఎట్లా కొడుతుందంటారా? లెక్క వేయండి. లోపలి వ్యాసం 75 మిల్లీమీటర్లు, పొడవు 100 మీటర్లు ఉన్న పైపులో సుమారు 440 లీటర్ల నీరు పడుతుంది. అంటే 440 కిలోల బరువు పరుగెత్తుతున్నదన్నమాట. దాన్ని చటుక్కున ఆపితే ఊరుకుంటుందా? రష్యా శాస్త్రజ్ఞుడు జుకోవ్‌స్కీ 1897–98లో మాస్కో నగరంలో నీటి గొట్టాలపై ప్రయోగాలు చేసి ఈ దెబ్బకు లెక్క కట్టాడు. సెకనుకు ఒక మీటరు వేగంతో పోయే నీటిని ఇనుప గొట్టంలో రెప్పపాటులో ఆపితే, ప్రతి చదరపు సెంటీమీటరు మీద సుమారు 12 కిలోల ఒత్తిడి అదనంగా పడుతుంది. దీనినే ‘నీటి సుత్తి’ అంటారు. ఈ సుత్తి దెబ్బ రోజూ తగిలితే అతుకులు వదులవుతాయి, పైపు పగులుతుంది, పొట్టకొచ్చిన వరి ఎండుతుంది.

కనక చప్పుడు విన్నప్పుడు, “ఇది ఎప్పుడు వస్తున్నది?” అని మొదట అడగండి.

మోటారు ఆగగానే ఒక్కసారి వస్తే, తప్పు వాల్వులో ఉండవచ్చు. నీరు వెనక్కు రాకుండా పైపులో ఒకవైపే తెరుచుకొనే మూత ఉంటుంది. అది ఆలస్యంగా పడితే, వెనక్కు మళ్ళిన నీరు దాన్ని బలంగా మూస్తుంది. స్ప్రింగు ఉన్న వాల్వు ముందే మూసుకుంటుంది గనక దెబ్బ తగ్గుతుంది.

మోటారు నడిచినంతసేపూ టకటకమంటే, నీరు చాలక మూత సగమే తెరుచుకొని ఊగుతూ ఉండవచ్చు. లేదా దాని కీలు అరిగి ఉండవచ్చు. గోడ వెంట గడగడలాడితే, పైపు పట్టీ వదులైందేమో చూడాలి.

ఇంట్లోనూ ఇంతే. బట్టలుతికే యంత్రంలో కరెంటుతో పనిచేసే వాల్వు ఠక్కున మూసుకుంటుంది. దానికి నీరిచ్చే కుళాయిని కొంచెం తగ్గిస్తే నీటి వేగం తగ్గి, చప్పుడూ తగ్గుతుంది. చలిదేశాలలో వేడినీటి గొట్టాలతో ఇళ్ళు వెచ్చబెట్టుకుంటారు. అక్కడ వాల్వులను చిన్న మోటార్లు తిప్పుతాయి. అవి మోత చేస్తే, వాల్వు మీది బాణం గుర్తు నీరు పోయే దిక్కునే ఉన్నదా అని మొదట చూస్తారు. తిరగేసి బిగిస్తే నీరే మూతను లాగి కొడుతుంది!

మీరు చేయదగిన పరీక్ష ఒకటున్నది. పిడి కుళాయిని ఒకసారి చటుక్కున, మరొకసారి మెల్లగా కట్టి, పైపుకు చెవి ఆనించి వినండి. మోటారును, స్టార్టరును మటుకు ముట్టవద్దు. చప్పుడు ఎప్పుడు వస్తున్నదో కాగితం మీద రాసి నాయనకు ఇవ్వండి. మెకానిక్కుకు సగం పని తప్పుతుంది.

వచ్చే నెలకు ప్రశ్న: ఈ సుత్తి దెబ్బతోనే, కరెంటు లేకుండా నీటిని పైకెక్కించే యంత్రాన్ని 1796లో ఫ్రాన్సులో మాంగోల్ఫియర్ తయారుచేశాడు. అది ఎట్లా పనిచేస్తుందో ఆలోచించండి!