మన పాత డిస్కులు తుక్కుకి వెయ్యకండి



మొన్న ఆదివారం షామీర్‌పేట హాస్టల్ నుంచి నలుగురం మేడ్చల్ పోయినం. పైసలు పోగేసి ఒక గేమింగ్ సెంటర్ల గంటసేపు పీఎస్5 తీసుకున్నం. సంచిల 2005 నాటి నీడ్ ఫర్ స్పీడ్: మోస్ట్ వాంటెడ్ డిస్క్. పనికి పట్నం పోయిన మామ సెకండ్‌హ్యాండ్ పీఎస్2తో పాటు తండాకి తెచ్చిన డిస్క్ అది, పది ఇండ్లు తిరిగింది. సెంటర్ అన్న నవ్విండు: "ఇందుల పీఎస్2 డిస్క్ నడవదు తమ్మీ."

చేతగాక కాదు. 2006లో వచ్చిన మొదటి పీఎస్3ల పీఎస్2 డిస్కులు నడిచినయి, తర్వాతి మోడళ్లల్ల తీసేసిండ్రు. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌ల ఇప్పటికీ కొన్ని పాత డిస్కులు నడుస్తయి. ఆన్‌లైన్‌ల కొనుక్కోమంటరు. రేసింగ్ గేమ్‌లకి కార్ల, పాటల లైసెన్సులుంటయి, గడువు తీరితే అమ్మకమే బంద్. 2018ల వచ్చిన ఫోర్జా హొరైజన్ 4ని 2024 డిసెంబర్‌ల అట్లనే తీసేసిండ్రు. పైగా అకౌంట్ల కొన్నది పది ఇండ్లు తిరగదు.

"ఫీజులకే దిక్కు లేదు, మీకు గేమ్‌లా?" అంటరు కొందరు. పరీక్షలైనంక మేం కూడ ఆడుకుంటం గదా! 2021ల మన దేశంల పీఎస్5 ధర 49,990. అది మాకు కలల మాట. అందుకే పాత పీఎస్2 ఎవరింట్లనన్న మూలకి పడి ఉంటే చెప్పండి, పండుగ సెలవులకి వచ్చి తీసుకపోతం. మెమరీ కార్డ్ ఉంటే ఇంక మంచిది.