అనాటమీ హాల్లో బల్లకు ఏ వైపున ఉన్నాం?

మెడికల్ కాలేజీలో చేరిన విద్యార్థి మొదటి ఏడాదిలోనే శవం ముందు నిలబడాలి. అనాటమీ పాఠం అక్కడే మొదలవుతుంది. శవాన్ని మార్చురీ నుంచి తెచ్చే పని, ఫార్మలిన్ ఘాటులో బల్లలు కడిగే పని ఏ కులాల నెత్తిన పడ్డాయో ఉత్తరాంధ్రలో ఎవరినీ అడగక్కర్లేదు. బల్లకు అవతల నిలబడి పాఠం చెప్పేవాళ్లలో ఆ పేటల నుంచి వచ్చినవాళ్లు ఎందరన్నదే ప్రశ్న.

చోడవరం నుంచి చూద్దాం. గోవాడ చక్కెర ఫ్యాక్టరీ చుట్టుపక్కల చెరకు కొట్టే కూలీ ఇంటి అమ్మాయి బీఎస్సీ జువాలజీ పాసయ్యిందనుకోండి. సెల్ బయాలజీలోనో అనాటమీలోనో పీజీ చేయాలని ఉంది. విశాఖలో 1923 నాటి ఆంధ్రా మెడికల్ కాలేజీ ఉంది, 1926 నాటి ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది. క్యాంపస్‌లో సీటొస్తే మంచిదే. రాకపోతే మిగిలేది ప్రైవేటు కాలేజీ. అక్కడ జీవో 77 అడ్డం నిలిచింది. 2020 డిసెంబరులో వచ్చిన ఆ ఉత్తర్వు, 2020-21 నుంచి ప్రైవేటు కాలేజీల్లో పీజీ చేరేవాళ్లకు ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసేసింది. డిగ్రీ వరకు ప్రభుత్వం చెయ్యి పట్టుకుంది, సరిగ్గా పరిశోధన గడప దగ్గర వదిలేసింది. దాన్ని రద్దు చేయాలని విద్యార్థి సంఘాలు రోడ్డెక్కడానికి కారణం ఇదే.

మరోవైపు అనాటమీ సీట్లు ఖాళీగా పడి ఉంటున్నాయి. ఎంబీబీఎస్ చదివినవాళ్లు రేడియాలజీకి, డెర్మటాలజీకి ఎగబడతారు. అనాటమీ ఎండీ వైపు చూసేవాళ్లు తక్కువ. ప్రైవేటు ప్రాక్టీసు లేని చదువు కదా! పీజీ సీట్లు నిండక 2023లో నీట్ పీజీ కటాఫ్‌ను సున్నా పర్సంటైల్‌కు దించారు. రిజర్వేషన్ అనగానే మెరిట్ మంట కలిసిందని గొంతు చించుకునేవాళ్లు అప్పుడు ఎటు పోయారో!

డాక్టర్లు వద్దనుకున్న ఈ సబ్జెక్టుకు మన పిల్లలు ఇంకో దారిలో రావచ్చు. బీఎస్సీ తర్వాత మూడేళ్ల మెడికల్ ఎమ్మెస్సీ, ఆపైన పీహెచ్‌డీ. అయితే ఆ దారినీ ఇరుకు చేశారు. అనాటమీ విభాగంలో ఎంబీబీఎస్ లేని అధ్యాపకులకు 30 శాతం దాకా ఉన్న అవకాశాన్ని 2020లో జాతీయ వైద్య కమిషన్ 15 శాతానికి కోసేసింది. 2025లో కొత్త నిబంధనలు తెచ్చి, మైక్రోబయాలజీ, ఫార్మకాలజీలలో సైతం ఎమ్మెస్సీ-పీహెచ్‌డీ వాళ్లను తీసుకోవచ్చంది. అధ్యాపకులు దొరక్క తెరిచిన తలుపు ఇది. అయినా తెరుచుకున్నదాన్ని వదులుకోకూడదు.

ఇక ఉద్యోగాల సంగతి. 2025 ఎస్సీ వర్గీకరణలో రెల్లి తదితర కులాల వాటా 1 శాతం, మాదిగ ఉపకులాలది 6.5, మాల ఉపకులాలది 7.5. రెల్లి సమూహానికి ఒక పోస్టు రావాలంటే వంద పోస్టులు కావాలి. నియామకాలను సబ్జెక్టుల వారీగా ముక్కలు చేస్తే, వేళ్లమీద లెక్కపెట్టే అనాటమీ పోస్టుల్లో ఆ ఒక్కటి ఎప్పటికి వస్తుంది? శవాల గది పని తరతరాలుగా ఎరిగిన సమూహం, అదే గదిలో ప్రొఫెసర్ కుర్చీకి ఎన్ని తరాలు ఆగాలి?

కొత్త కాలేజీలైనా ఈ లెక్క మారుస్తాయనుకుంటే, 2025 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం పది మెడికల్ కాలేజీలను పీపీపీకి ఇవ్వాలని నిర్ణయించింది. అందులో మన అనకాపల్లి జిల్లాలోని నర్సీపట్నం కాలేజీ కూడా ఉంది. మాకవరపాలెంలో కడుతున్నది దీన్నే. అడ్మిషన్లలో రిజర్వేషన్ పోదని ప్రభుత్వం చెబుతోంది. మరి బోధన పోస్టుల మాటేమిటి? ప్రభుత్వ కాలేజీ అయితే రోస్టర్ ఉంటుంది. ప్రైవేటు భాగస్వామి జీతమిచ్చి పెట్టుకునే అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు రోస్టర్ ఎవరు అడుగుతారు? ఏ మెడికల్ కాలేజీ తెరిచినా తొలిరోజు నుంచే కావలసింది అనాటమీ విభాగం. ఒప్పంద పత్రాల్లో అధ్యాపక నియామకాల నిబంధన ఏమని రాస్తున్నారో దళిత సంఘాలు సంతకాలు పడకముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.