బ్యాటరీ చచ్చేది గాల్లో కాదు.. గూట్లో!

"కొత్త బ్యాటరీ కదా, ముందు ఎనిమిది గంటలు ఛార్జింగ్ పెట్టు. తర్వాతే వాడు." మొబైల్ షాపులో ఈ మాట వినని వాళ్లు మనలో తక్కువే. ఫోన్లు మారాయి, బ్యాటరీలు మారాయి, సలహా మాత్రం అలాగే ఉంది. ఇప్పుడది పొలం దాకా వచ్చింది. మందు కొట్టే డ్రోన్ కొన్నవాళ్లు, కాలేజీలో ఎలక్ట్రిక్ మోడల్ విమానం ఎగరేసే కుర్రాళ్లు మొదట అడిగేది ఇదే: "కొత్త బ్యాటరీని ఎలా సెట్ చేయాలి?"

దానికి జవాబు చిన్నదే. అంతకంటే పెద్ద ప్రశ్న ఇంకొకటుంది. ఎగరని రోజుల్లో ఆ బ్యాటరీని ఎలా ఉంచుతున్నారు?

ఆ ఎనిమిది గంటలు ఎక్కడివి?

నికెల్ కాలం నాటివి. ఆస్ట్రియాలో 1973 అక్టోబర్ 21న మనిషి కూర్చున్న విమానం మొదటిసారి పూర్తిగా కరెంటుతో ఎగిరింది. దాని వెనక ఉన్న ఫ్రెడ్ మిలిట్కీ అసలు మోడల్ విమానాల ఇంజినీరు. అందులో వాడింది నికెల్-కాడ్మియం బ్యాటరీలే. చాలా ఏళ్లు మోడల్ విమానాలకూ అవే దిక్కు.

ఆ బ్యాటరీలు కొత్తగా ఉన్నప్పుడు అన్ని సెల్‌లూ ఒకే స్థాయిలో ఉండేవి కావు. అందుకే కెపాసిటీలో పదో వంతు కరెంటుతో 14 నుంచి 16 గంటలు మెల్లగా ఎక్కించేవాళ్లు. ముందే నిండిన సెల్ మిగతా కరెంటును వేడిగా మార్చి తట్టుకునేది. వెనకబడిన సెల్ ఈలోపు అందుకునేది. అంటే ఆ సలహా అప్పట్లో తప్పు కాదు.

ఇప్పుడు డ్రోన్లలో, మోడల్ విమానాల్లో ఎక్కువగా ఉండేది లిథియం పాలిమర్. అందరూ 'లైపో' అంటారు. దీనికి ఓవర్‌ఛార్జ్ అస్సలు పడదు. ఒక్కో సెల్ 4.2 వోల్టులకు చేరితే నిండినట్టు. అది దాటితే లోపల లిథియం లోహంగా పేరుకుంటుంది, గ్యాస్ పుడుతుంది, ప్యాక్ ఉబ్బుతుంది. ఇక మొదటిసారి మెల్లగా ఎక్కించే పని ఫ్యాక్టరీలోనే అయిపోయి ఉంటుంది. మీ చేతికి వచ్చేసరికి ప్యాక్ దాదాపు సగం ఛార్జ్‌తో ఉంటుంది.

కొత్త ప్యాక్ వచ్చిన రోజు

ముందు ఒక్కో సెల్ వోల్టేజీ చూడండి. అన్నీ 3.8 దగ్గర, ఇంచుమించు సమానంగా ఉండాలి. ఒకటి బాగా తక్కువుంటే ఛార్జ్ చేయకుండా వాపసు ఇచ్చేయండి.

బాగుంటే బ్యాలెన్స్ మోడ్‌లో 1సీ దాటకుండా ఎక్కించండి. 1సీ అంటే 16,000 ఎంఏహెచ్ ప్యాక్‌కి 16 యాంపియర్లు. మోడల్ విమానంలో పెట్టే 2,200 ఎంఏహెచ్ ప్యాక్‌కి 2.2 యాంపియర్లే. ఒక ప్యాక్‌కి పెట్టిన సెట్టింగ్‌ను మార్చకుండా ఇంకో ప్యాక్ తగిలించడమే అసలు ప్రమాదం.

మొదటి నాలుగైదు సార్లు తక్కువ బరువుతో, తక్కువసేపు ఎగరేయండి. దానివల్ల బ్యాటరీకి కొత్త బలమేమీ రాదు. కానీ లోపం ఉన్న సెల్ ఉంటే మందు నిండిన ట్యాంకుతో పొలం మధ్యలో కాకుండా ముందే బయటపడుతుంది. ఛార్జర్‌లో ఇంటర్నల్ రెసిస్టెన్స్ చూపిస్తే ఆ అంకె రాసి పెట్టుకోండి. రేపు అది పెరుగుతుంటే ప్యాక్ ముసలిదవుతోందని అర్థం.

గట్టు మీద లెక్క

బీర్కూర్ వైపు చూడండి. పక్కనే మంజీరా, నిజాంసాగర్ నీళ్లు, వానాకాలం వరి, యాసంగి వరి. పంపు భుజానేసుకుని బురదలో నడిచే పనిని డ్రోన్ నిమిషాల్లో చేస్తుందంటే ఇలాంటి చోట ఎవరికి ఆశ పుట్టదు?

కేంద్రం 2023 నవంబర్‌లో నమో డ్రోన్ దీదీ పథకానికి ఆమోదం తెలిపింది. 15 వేల మహిళా సంఘాలకు డ్రోన్లు ఇవ్వాలన్నది లక్ష్యం. ఖర్చులో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల రూపాయలు సాయం. మిగతాది సంఘం అప్పు తెచ్చుకోవచ్చు. అసలు బ్యాటరీ సెట్‌తో పాటు నాలుగు అదనపు సెట్లు ఇస్తారు. వాటితో రోజుకు 20 ఎకరాల వరకు కొట్టొచ్చన్నది అంచనా.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఎకరానికి ఒక సెట్ అనుకుంటే 20 ఎకరాలకు 20 సార్లు ఎగరాలి. అయిదు సెట్లు ఉన్నాయి కాబట్టి ఒక్కోటి నాలుగుసార్లు. ఎకరానికి పది నిమిషాలు పట్టినా మొదటి సెట్ వంతు 50 నిమిషాల్లో మళ్లీ వచ్చేస్తుంది. కానీ 1సీతో ఛార్జ్ కావడానికే దాదాపు గంట. అంతకుముందు చల్లారడానికి ఇంకో అరగంట. తొందర ఈ లెక్కలోనే ఉంది. అందుకే దిగిన సెట్‌ను వేడివేడిగానే ఛార్జర్‌కి తగిలించేస్తారు. సెట్ ఆయుష్షు తగ్గేది అక్కడే.

దారి లేకపోలేదు. మందు ఎలాగూ గాలి తక్కువుండే పొద్దున, సాయంత్రం కొట్టడమే మంచిది. మధ్యాహ్నం ఖాళీని బ్యాటరీలకు ఇచ్చేయండి. నీడలో పెట్టండి, చేత్తో తాకితే చల్లగా అనిపించాక ఎక్కించండి. గాల్లో సెల్ 3.5 వోల్టుల దగ్గరికి రాగానే దింపేయండి. 3 కంటే కిందికి పోతే మళ్లీ కోలుకోవడం కష్టం. "ఇంకో రెండు సాళ్లే కదా" అనుకుంటే సెట్ ఖరీదు మీద పడుతుంది.

సీజన్ అయిపోయాక

అసలు నష్టం ఇక్కడ. యాసంగి వరికి మందు కొట్టే పని అయిపోతుంది. "మళ్లీ అవసరమొస్తుంది" అని అన్ని సెట్లూ ఫుల్ ఛార్జ్ చేసి రేకుల షెడ్డులో పెడతారు. ఆపైన మే నెల ఎండ. నిండు వోల్టేజీకి వేడి తోడైతే సెల్ లోపలి ద్రావకం విరిగి గ్యాస్ అవుతుంది. వానాకాలం నాట్లు పడ్డాక డబ్బా తెరిస్తే ప్యాక్‌లు ఉబ్బి ఉంటాయి. ఒక్కసారి కూడా ఎగరకుండానే పోయాయన్నమాట.

పరిష్కారం ఒక్క బటన్. ఛార్జర్‌లో 'స్టోరేజ్' అని ఉంటుంది. అది సెల్‌ను 3.8 నుంచి 3.85 వోల్టుల మధ్య ఆపుతుంది. ఆరు సెల్‌ల ప్యాక్ అయితే సుమారు 23 వోల్టులు. రెండు మూడు రోజుల్లో ఎగరేసే పని లేకపోతే అలా దించి, ఇంట్లో చల్లటి మూల పెట్టండి. నెలకోసారి వోల్టేజీ చూడండి. కొన్ని స్మార్ట్ బ్యాటరీలు తమంతట తామే దిగుతాయి. మీది ఆ రకమో కాదో మాన్యువల్‌లో చూసుకోండి. పరీక్షలప్పుడు మోడల్ విమానాన్ని అటక ఎక్కించే స్టూడెంట్లకూ ఇదే మాట.

పడుకునే గదిలో వద్దు

22.2 వోల్టుల 16,000 ఎంఏహెచ్ ప్యాక్‌లో ఉండేది దాదాపు 355 వాట్-అవర్లు. మీ జేబులో ఉన్న ఫోన్లు పద్దెనిమిది కలిపినంత. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో తెల్లవారుజామున ఇంట్లో ఛార్జింగ్‌లో ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ పేలి ఒక పెద్దాయన చనిపోయారు. రకం వేరైనా అదీ లిథియమే.

కాబట్టి ఛార్జింగ్ సిమెంటు నేల మీద, మనిషి మెలకువగా ఉన్నప్పుడు, బట్టలకూ గడ్డికీ దూరంగా. పక్కన బకెట్ ఇసుక. మంజీరా పక్క ఊళ్లలో ఇసుకకు కొదవా? అది మంటను పూర్తిగా ఆర్పకపోయినా పక్కకు పాకకుండా ఆపుతుంది. పొగ పీల్చొద్దు, అందరూ బయటికి వచ్చి 101కి ఫోన్ చేయండి.

ఉబ్బిన ప్యాక్‌ను గుచ్చొద్దు, మళ్లీ ఛార్జ్ చేయొద్దు, చెత్తలో వేయొద్దు. 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలను సేకరించే బాధ్యత తయారీదారులదీ, దిగుమతి చేసుకునేవాళ్లదీ. అమ్మిన డీలర్‌ని అడగండి.

ఈ ఆదివారం మీ దగ్గరున్న ప్యాక్‌ల వోల్టేజీ చూడండి. సెల్ 4.2 దగ్గరుందా? ఎగరేయండి, లేదంటే స్టోరేజ్ బటన్ నొక్కండి. మూడో దారి గూట్లోకే!