భూకంపం లెక్క మేస్త్రికీ చేరాలి

మన శ్రీకాకుళం జిల్లా పల్లెల నుంచి పొట్ట చేతబట్టుకుని అండమాన్ వెళ్లినవారు ఎందరో ఉన్నారు. పోర్ట్ బ్లెయిర్‌లో (2024 నుంచి ఆ ఊరి పేరు శ్రీ విజయపురం) తాపీ పనివారిలోనూ, ఇల్లు కట్టుకుని స్థిరపడినవారిలోనూ మనవాళ్లున్నారు. అందుచేత ఆ ఊరి నేల సంగతి మనకూ పట్టాలి.

ఆ దీవులకు పడమట, సముద్రం అడుగున, మన దేశాన్ని మోస్తున్న భూఫలకం పక్క ఫలకం కిందికి దూరుతోంది. 2004 డిసెంబరు 26 ఉదయం సుమత్రా దగ్గర మొదలైన చీలిక ఉత్తరానికి సుమారు 1300 కిలోమీటర్లు పాకింది. తీవ్రత 9.1. పోర్ట్ బ్లెయిర్ నేల సుమారు మీటరు కుంగింది. మన తీరంలోనూ అదురు తెలిసింది. వెనుకనే సునామీ వచ్చింది.

అయితే 9.1 అన్నది భూకంపం మొత్తం బలానికి కొలత. ఒక ఇంటి కింద నేల ఎంత ఊగుతుందన్నది వేరే లెక్క. పాత భూకంపాల నమోదులు ముందు పెట్టుకుని, చీలిక ఎంత దూరం, ఎంత లోతు, రెండు ఫలకాల ఒరిపిడిలో వచ్చిందా, కిందికి దిగిన ఫలకమే విరిగిందా అని నిపుణులు చూస్తారు. ఆ తరువాత నేల స్వభావం చూస్తారు. పళ్లెం కాస్త అదిరితే అందులోని పెరుగు బాగా ఊగుతుంది. కొండరాయి పళ్లెమైతే, పల్లంలోని మెత్తటి పూడిక మట్టి పెరుగు. 1985 సెప్టెంబరు 19న మెక్సికో నగరానికి 300 కిలోమీటర్లకు పైగా దూరంలో భూకంపం వచ్చింది. అయినా పూర్వపు సరస్సు మట్టిపై కట్టిన భవనాలు కూలి వేలమంది మరణించారు.

కాబట్టి ఊరంతటికీ ఒకే అంకె చెబితే చాలదు. కొండ మీద ఎంత, పల్లంలో ఎంత అన్నది వార్డులవారీగా పటం గీసి, తెలుగుతో సహా అక్కడి జనం భాషలన్నిటిలో గోడలకు అంటించాలి. మట్టి పరీక్ష లేనిదే పునాది తీయనివ్వరాదు. స్తంభాల రింగులు దగ్గరదగ్గరగా వేసి, కొనలు లోపలికి వంచి కట్టడం పనికి వెళ్లే మన మేస్త్రీలకు ఇక్కడే నేర్పాలి.

ఖర్చు పెరుగుతుందని కొందరంటారు. కూలిన ఇల్లు తిరిగి కట్టుకోవచ్చు, పోయిన మనిషిని తేలేము. భూకంపం ఏ రోజున వస్తుందో ఎవరూ చెప్పలేరు. నేల ఎంత ఊగవచ్చో మాత్రం అంచనా కట్టవచ్చు. ఆ అంచనా ఇంజనీరు బల్ల మీదే ఉండిపోతే ఇల్లు నిలవదు. అధికారులు ఇకనైనా దానిని మేస్త్రి చేతికి చేర్చాలి.