పాటను తాకకూడదా?

మొన్నటి ఉగాది కార్యక్రమానికి ముందు మా బరంపురంలో ఒక తెలుగు సంఘం కమిటీలో చిన్న తగవు వచ్చింది. ముగ్గురు కాలేజీ పిల్లలు ఘంటసాల పాడిన ఒక పాత సినిమా పాటను గిటారు మీద, తమ పద్ధతిలో, కాస్త నెమ్మదిగా పాడతామన్నారు. "ట్రాక్ పెట్టుకుని ఉన్నది ఉన్నట్టు పాడండమ్మా, లేకపోతే మానేయండి" అన్నారు పెద్దలు. వారిలో లోకం చూసిన ఒకాయన దృష్టాంతం కూడా చెప్పారు: "బీటిల్స్ పాటల్ని వేరేవాళ్ల చేత పాడించి అమెరికాలో సినిమా తీశారు. ఏమైంది? మహానుభావుల పాటల జోలికి పోతే అంతే!" పిల్లలు మానేశారు. కార్యక్రమానికి కూడా రాలేదు.

నేను కమిటీ సభ్యుణ్ణి కాను, జమాఖర్చులు చూసిపెట్టేవాణ్ణి. బ్యాంకు ఉద్యోగం వల్ల అబ్బిన గుణం ఒకటుంది. ఎవరైనా మునిగిన ఖాతాను ఉదాహరణగా చూపిస్తే, అది ఎందుకు మునిగిందో చూడందే నాకు నిద్రపట్టదు. అందుకని ఆ సినిమాను ఇంట్లో కూర్చుని ఆసాంతం చూశాను. పెద్దాయన చెప్పిన ఫలితం నిజమే. చెప్పిన కారణమే తప్పు.

అది 1978లో వచ్చిన 'సార్జెంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్'. బీటిల్స్ 1967లో అదే పేరుతో తెచ్చిన రికార్డు జగత్ప్రసిద్ధం. నిర్మాత రాబర్ట్ స్టిగ్‌వుడ్ అంతకు ముందటేడు 'సాటర్డే నైట్ ఫీవర్'తో లాభాల పంట పండించుకున్నవాడు. ఆ చిత్రానికి పాటలిచ్చిన బీ జీస్ అన్నదమ్ములు ముగ్గురినీ, 1976లో ఒక కచేరీ రికార్డుతో ఊపేసిన పీటర్ ఫ్రాంప్టన్‌నూ నాయకులుగా పెట్టాడు. సంగీతానికి సాక్షాత్తూ బీటిల్స్ రికార్డుల నిర్మాత జార్జ్ మార్టిన్‌నే తెచ్చాడు. తాకట్టుకు ఇంతకన్నా గట్టి ఆస్తులేం కావాలి? అయినా విమర్శకులు చీల్చి చెండాడారు. జోడు రికార్డును లెక్కకు మించి అచ్చువేసి దుకాణాలకు పంపితే, గుట్టలుగా తిరిగొచ్చింది. అమ్మకాల పద్దుకన్నా వాపసుల పద్దు గురించే లోకం చెప్పుకుంది.

మాకు శాఖలో మొదట నేర్పే పాఠం ఒకటుంది. తాకట్టు ఎంత గట్టిదైనా, వ్యాపారంలో పస లేకపోతే అప్పు ఇవ్వకూడదు. ఈ సినిమాలో ఉన్నదంతా తాకట్టే, వ్యాపారం లేదు. జార్జ్ బర్న్స్ అనే ముసలి నటుడు కథ చెబుతూ పోతాడు. మిగతావారికి మాటలు లేవు, పాటలే. ఆ పాటల్లో కనిపించిన పేర్లన్నిటినీ పాత్రలుగా మార్చేశారు. స్ట్రాబెర్రీ ఫీల్డ్ అనేది లివర్‌పూల్‌లో ఒక అనాథాశ్రమం. జాన్ లెనన్ చిన్నప్పుడు ఆ తోటలో ఆడుకున్నాడు. ఆ జ్ఞాపకంలోంచి వచ్చిన పాటలోని పేరును ఇక్కడ కథానాయికకు తగిలించారు. పాత సర్కస్ ప్రకటనలోంచి లెనన్ ఏరుకున్న మిస్టర్ కైట్‌ను ఊరి మేయరును చేశారు. పేర్లు చూసి ఖాతాలు తెరిచారు గాని, మనుషుల్ని చూడలేదు. బ్యాంకు భాషలో దీన్ని బినామీ అంటారు.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. పాటల్ని తాకినందుకే ఈ సినిమా చెడిందా? అలాగైతే అదే సినిమాలో ఎర్త్, విండ్ అండ్ ఫైర్ బృందం తమ సొంత లయలోకి మార్చుకుని పాడిన బీటిల్స్ పాట అమెరికాలో మొదటి పది స్థానాల్లోకి ఎలా ఎక్కింది? అదే 1967 రికార్డులో రింగో స్టార్ సరదాగా పాడిన పాటను జో కాకర్ 1968లో నడక మార్చి, వేగం తగ్గించి, గుండెలు చించుకుని పాడితే అది బ్రిటన్‌లో ప్రథమ స్థానంలో ఎలా నిలిచింది? అంతెందుకు, బీటిల్స్ వారి మొదటి పెద్ద రికార్డు 1963లో వస్తే, అందులోని 14 పాటల్లో ఆరు ఇతరులవే. వారూ మనలాగే ఎవరి పాటనో ఎత్తుకుని గొంతు సవరించుకున్నవారే.

కాబట్టి చెడగొట్టింది మార్పు కాదు. మూలాన్ని ఎరిగినవాడు పక్కనే ఉన్నా, పాడేవాడు తనదంటూ ఏమీ పెట్టకపోవడం. అసలు లేకుండా వడ్డీ ఆశించడం.

ఈ సంగతి మనకు ఎవరో చెప్పాలా? త్యాగరాజస్వామి తమిళదేశంలో, తిరువయ్యారులో కూర్చుని తెలుగులో కృతులు కట్టాడు. ఆయన తర్వాత శిష్యపరంపరల్లో సంగతులు పెరిగాయి. ప్రతి విద్వాంసుడూ నెరవులో, కల్పనస్వరంలో తన మనోధర్మాన్ని కలుపుతూనే ఉన్నాడు. అందుకే ఆ కృతులు బతికున్నాయి. ఉన్నది ఉన్నట్టే పాడాలన్న కమిటీ అక్కడ ఉండి ఉంటే, అవి తాళపత్రాల్లోనే ఉండిపోయేవి.

పెద్దల భయం నాకు అర్థం కాకపోలేదు. పాత పాటకు డప్పుల మోత జోడించి, మాటల్ని విరిచి పారేసేవాళ్లూ ఉన్నారు. వారిని ఆపండి. కాని ఆపడానికి కొలబద్ద ట్రాక్ కాదు. "ఈ పాటకు అర్థమేమిటి బాబూ?" అని అడగండి. చెప్పగలిగితే పాడనివ్వండి.

ఆ ముగ్గురిలో ఒక అమ్మాయి పాట కాగితం నాకు చూపించింది. తెలుగు మాటలు, ఒడియా అక్షరాలు! మన లిపి ఆ పిల్లకు రాదు. ఇంట్లో నాయనమ్మ దగ్గర విన్న మాటలే ఆస్తి. అర్థం అడిగితే చరణం చరణానికీ చెప్పింది, నాకు తట్టనిది కూడా. ట్రాక్ పక్కన నిలబడి అప్పజెప్పే మనవాళ్లలో ఎందరు చెప్పగలరు?

ఈ ఊళ్లో తెలుగుకు ఇప్పుడు మిగిలిన అసలు అలాంటి పిల్లలే. వచ్చే ఉగాదికి వారికి పది నిమిషాలు ఇవ్వమని కమిటీని బహిరంగంగా అడుగుతున్నాను. బాగా పాడకపోతే ఆ పది నిమిషాలు నా ఖాతాలో రాసుకోండి.