సంఘం పెడదాం సరే, మొదటి జీతం దాకా తోడుండే సంఘం పెడదాం



ఐటీఐ, పాలిటెక్నిక్, ఒకేషనల్ చదివిన మన పిల్లల కోసం ఒక సంఘం పెడదామని పోయిన నెల నుంచి మాట్లాడుకుంటున్నాం కదా. సంఘం లక్ష్యాలు ఇవీ అని ఒక అన్న రాసి పెట్టిన కాగితం మూడుసార్లు చదివాను. మొత్తం పదకొండు లక్ష్యాలు. అవగాహన సదస్సులు, జాబ్ మేళాలు, స్పోకెన్ ఇంగ్లీష్, ఆగస్టు 9న ప్రతిభా పురస్కారాలు, ఇంకా చాలా ఉన్నాయి. ఏదీ చెడ్డది కాదు. కానీ ఆ పదకొండిట్లో మా అన్నకి పనికొచ్చేది ఒక్కటీ కనపడలేదు. అందుకే రాస్తున్నా, పెద్దోళ్లు తప్పుగా అనుకోవద్దు.

మా అన్న అంటే మా పెదనాన్న కొడుకు. ఆశ్రమ పాఠశాలలో పది పాసై, ఐటీఐలో రెండేళ్లు ఎలక్ట్రీషియన్ చేశాడు. పరీక్ష పాసయ్యాడు, సర్టిఫికెట్ వచ్చింది. తర్వాత హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరు వైపు ఒక కంపెనీలో ఏడాది అప్రెంటిస్‌గా తీసుకున్నారు. నెలకు 7,000. మా పెద్దమ్మ తునికాకు డబ్బులు 4,000 చేతిలో పెట్టి పంపింది. గది అడ్వాన్స్‌లో వాటా, అద్దెలో వాటా, మెస్సు, బస్సు. ఇరవై ఐదు రోజులకే ఆ డబ్బులు అయిపోయాయి. మొదటి నెల స్టైపెండ్ బ్యాంకులో పడలేదు. అకౌంట్, ఆధార్ కలవలేదన్నారు, వచ్చే నెల రెండూ కలిపి పడతాయన్నారు. పక్క గది వాళ్ల దగ్గర 2,000 అప్పు చేశాడు. నలభయ్యో రోజు బస్సెక్కి ఊరొచ్చేశాడు.

ఊళ్లో ఏమన్నారో మీకు తెలుసు. "మనోళ్లు నిలబడరు." ఐటీఐలో సార్లు అదే అన్నారు, బంధువులూ అదే అన్నారు. నిజం చెప్పాలంటే నేనూ అలాగే అనుకున్నా. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది నేనే మొదటిదాన్ని, ఆ పొగరు కొంచెం ఉండేది. హాస్టల్లో నాకు అన్నం, మంచం, స్కాలర్‌షిప్ ఉన్నాయి కాబట్టి నేను నిలబడ్డానని అప్పుడు తట్టలేదు. అవి తీసేస్తే నేనూ నలభై రోజులే.

అందుకే నా మాట ఒకటే. సీటు ఇప్పించడం దగ్గర కాదు, సర్టిఫికెట్ వచ్చాక మొదటి జీతం పడేదాకా ఉన్న ఆ మధ్యకాలంలో మన సంఘం నిలబడాలి. మొదటి మూడేళ్లు దీన్నే పెద్ద పనిగా పెట్టుకుందాం. మిగతావి వీలుంటే చేద్దాం.

ఆ ఏడాది అప్రెంటిస్ ఎందుకంత ముఖ్యమో కొంతమందికి తెలియకపోవచ్చు. ఐటీఐ సర్టిఫికెట్ ఒకటి, అప్రెంటిస్ పూర్తి చేసి పరీక్ష రాస్తే వచ్చే జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వేరొకటి. చాలా కంపెనీలు రెండోది చూస్తాయి. రైల్వేలో లెవెల్-1 పోస్టుల నేరు భర్తీలో 20 శాతం, రైల్వేలోనే అప్రెంటిస్ పూర్తి చేసినోళ్లకు ఉన్నాయి. అప్రెంటిస్ చేస్తే ఉద్యోగం ఖాయం అని ఎవరైనా చెప్తే మాత్రం నమ్మకండి, చట్టంలో అలాంటి హామీ లేదు. కానీ చెయ్యకపోతే ఆ తలుపుల దగ్గరికే పోలేం.

ఇంకో సంగతి. నాకే ఈ మధ్య తెలిసింది. 1961 అప్రెంటిస్ చట్టంలో 3ఏ అనే సెక్షన్ ఉంది. నిర్ణయించిన ట్రేడుల్లో ఎస్సీ, ఎస్టీలకు శిక్షణ స్థానాలు కేటాయించాలని అందులో ఉంది. 30 మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే సంస్థ మొత్తం సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను పెట్టుకోవాలని నిబంధనల్లో ఉంది. ఇప్పుడు మన చుట్టూ చూడండి. మణుగూరులో బొగ్గు గనులు, థర్మల్ స్టేషన్. అశ్వాపురంలో భారజల కర్మాగారం. సారపాకలో పేపర్ మిల్లు. పాల్వంచలో కేటీపీఎస్. ఇన్ని పెట్టుకుని మా అన్న పటాన్‌చెరు ఎందుకు పోవాల్సి వచ్చింది? ఇక్కడ నోటిఫికేషన్ పడితే మన ఊళ్లకి ఎవరు చెప్తున్నారు? ఎన్ని స్థానాలు ఎస్టీలవి, ఎన్ని నిండాయి? కోపంగా అడగట్లేదు. లెక్క కావాలి. ప్రభుత్వ సంస్థలనైతే సమాచార హక్కు కింద అడగొచ్చు, ఫీజు 10 రూపాయలు దాటదు. ఊరేగింపు ఖర్చు కంటే తక్కువే కదా.

ఇక డబ్బుల విషయం. మన గ్రూపులో ఉద్యోగాలు చేస్తున్న అన్నలు, అక్కలు తక్కువేం లేరు. 200 మంది నెలకు 50 రూపాయలు వేస్తే 10,000, ఏడాదికి 1,20,000. ఒకరికి మొదటి రెండు నెలలు గదికి, తిండికి 12,000 అనుకున్నా ఏడాదికి పది మంది. ఇది దానం కాదు, చేబదులు. స్టైపెండ్ పడ్డాక నెలకు 1,000 చొప్పున తిరిగి కడతారు, ఆ డబ్బు తర్వాతోళ్లకి పోతుంది. కొంతమంది కట్టరు, అది కూడా లెక్కలో పెట్టుకుందాం. డబ్బుతోపాటు ఆ ఊళ్లో మనోళ్లు ఒక్కరు ఉండి, బ్యాంకు పని ఆగితే వెంట పోవాలి. మా అన్నకి ఆధార్ విషయంలో తోడు వెళ్లే మనిషి ఉంటే చాలేది.

ఒక సీనియర్ అన్న ఫోన్‌లో అన్నాడు, "చెల్లీ, ఇదంతా మన పిల్లల్ని వెల్డింగు, వైరింగు దగ్గరే ఉంచడానికి కాదా? గ్రూప్స్, డీఎస్సీ మీద కొట్లాడాలి గానీ" అని. ఆ భయం ఉత్తది కాదు. "మీకు చదువెందుకు, చేతి పని నేర్చుకోండి" అనే మాట మనమందరం విన్నదే. డిగ్రీ చదవాలనుకునే పిల్లని ఐటీఐకి తోస్తే నేనే అడ్డం నిలబడతా. కానీ ఇప్పటికే ట్రేడ్ నేర్చుకుని ఖాళీగా ఉన్నోళ్ల మాటేంటి? జీవో 3ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసినప్పుడు టీచర్ పోస్టుల కోసం మనం రోడ్డెక్కాం. మంచిదే. ఐటీఐల్లో పాఠం చెప్పే ఇన్‌స్ట్రక్టర్లలో మనోళ్లు ఎంతమంది అని మాత్రం ఎప్పుడైనా అడిగామా? దానికి సీఐటీఎస్ అని ఏడాది శిక్షణ ఉంది, హైదరాబాద్‌లో ఎన్‌ఎస్‌టీఐలో ఇస్తారు. ట్రేడ్‌లో బాగా చేసినోళ్లని ఏటా ఇద్దరినైనా అటు పంపుదాం. అది కూడా ఉద్యోగమే అన్నా.

ఆడపిల్లల సంగతి చెప్పకపోతే చెల్లెళ్లు తిడతారు. పది అయ్యాక నేను ఎలక్ట్రీషియన్ గురించి అడిగితే, ఒక సారు నవ్వి "స్తంభం ఎక్కుతావా అమ్మా" అన్నారు, కుట్టుపని ట్రేడ్ చూపించారు. కుట్టుపని తక్కువని కాదు, మా అమ్మ కుట్టిన రవికలే వేసుకుని పెరిగా. కానీ అడిగింది వేరు కదా. మోటార్ వైండింగ్‌కి, ప్యానెల్ బోర్డు వైరింగ్‌కి స్తంభం ఎక్కక్కర్లేదని ఆరోజు చెప్పే మనిషి లేరు. మన సంఘం కమిటీలో సగం మంది అక్కలుండాలి, కౌన్సెలింగ్ రోజున ఐటీఐ గేటు దగ్గర వాళ్లు నిలబడాలి.

వచ్చే ఆదివారం మీటింగ్‌కి నేను ఒక రిజిస్టర్ తెస్తున్నా. పేరు, ఊరు, ట్రేడ్, పాసైన ఏడాది, అప్రెంటిస్ చేశారా లేదా, మానేస్తే ఎన్నో రోజున, ఇప్పుడేం పని. మొదటి పేరు మా అన్నదే రాశా, అడిగితే రాసుకోమన్నాడు. ఇప్పుడు చేసే పని దగ్గర "బోరు బండి మీద కూలి" అని రాయించాడు. మీ ఊళ్లలో ఇలాంటోళ్లు ఎవరున్నా, వాళ్లని అడిగి, సరేనంటేనే వివరాలు తీసుకురండి. గ్రూపులో పెట్టొద్దు, చేతికే ఇవ్వండి.